ఊరి నడుమ అద్దె ఇల్లు: సర్కారే కట్టాలి

(మండల కేంద్రంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఇళ్ళ స్థలాల మీద మాట్లాడమన్నారు. ఇళ్ళ స్థలాల మీద ఈ వేదిక నుంచి చాలామంది పెద్దలు మాట్లాడారు, ఇంకా మాట్లాడతారు. అది మన పాత పోరాటం, అది ఆగదు. ఇవాళ మేము ఎవరూ పట్టించుకోని ఇంకో సంగతి మాట్లాడదామని వచ్చాం. అది అద్దె ఇంటి సంగతి.

"పల్లెటూళ్ళో అద్దె ఇల్లేమిటి, అది పట్నం యవ్వారం గదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ఈ మండల కేంద్రంలో మన కులాల వాళ్ళు ఎంతమంది ఉద్యోగాలు చేస్తున్నారు? టీచర్లున్నారు, నర్సమ్మలున్నారు, అంగన్‌వాడీ అమ్మలున్నారు, సచివాలయంలో పిల్లలున్నారు, కరెంటాఫీసులో లైన్‌మెన్లున్నారు. వీళ్ళలో ఊరి నడిబజార్లో అద్దెకుంటున్న వాళ్ళు ఎందరు? వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఒక చేతి వేళ్ళు కూడా పూర్తి కావు.

మా సంగతే చెబుతాం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇరవై యేళ్ళ కిందట ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక ఊళ్ళో ఇల్లు వెదుక్కుంటూ తిరిగాం. గోడ మీద టూలెట్ బోర్డు ఉంది. లోపలికి పిలిచారు, కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. "మాస్టారంటే మాకెంతో గౌరవం, మా పిల్లలకు నాలుగు అక్షరాలు చెబుదురు గాని" అన్నారు. అద్దె కుదిరింది. అడ్వాన్సు తీసి చేతిలో పెట్టబోతుంటే ఆ ఇంటి పెద్దావిడ నెమ్మదిగా అడిగింది: "ఇంతకీ మీరేమిటోళ్ళండీ?" చెప్పాం. అబద్ధం చెప్పి ఆ ఇంట్లో అన్నం తినలేం గదా. ఆవిడ మొహం మీద కోపమేమీ రాలేదు. "అయ్యో, మా అల్లుడు వచ్చే నెల ఇక్కడికే వస్తానన్నాడండీ, మర్చేపోయా" అంది. ఆ అల్లుడు రాలేదు. ఆ బోర్డు ఆర్నెల్లు అట్లాగే వేలాడింది.

ఆ తర్వాత మేము పట్నంలో ఉండి, పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం బస్సెక్కి చాలా యేళ్ళు ఉద్యోగం చేశాం. ఊరివాళ్ళు ఏమన్నారో తెలుసా? "ఈ సార్లు ఊళ్ళో ఉండరు, బస్సు టైము కోసం చదువు చెబుతారు" అన్నారు. ఇల్లివ్వని వాళ్ళే ఆ మాటన్నారు! ఇది మా ఒక్కళ్ళ కథ కాదు. మాలో ప్రతి ఒక్కరి దగ్గరా ఇటువంటిది ఒకటుంది. కొందరు కులం దాచిపెట్టి చేరారు. పండక్కి ఇంటినుంచి అమ్మానాన్నా వస్తామంటే వద్దన్నారు. కన్నతల్లిని గుమ్మంలోకి రానివ్వలేని ఇల్లు ఇల్లా, జైలా?

ఈ బాధ మనకు కొత్త కాదు. 1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలో, లండన్‌లో చదివి, తన చదువుకు సాయం చేసిన బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళాడు. అంత చదివినవాడికి బరోడా నగరంలో తల దాచుకునే చోటు దొరకలేదు. పారసీ పేరు పెట్టుకుని ఒక పారసీ సత్రంలో దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని జనం వచ్చి బయటికి నడిచిపొమ్మన్నారు. స్నేహితుల్ని అడిగితే వాళ్ళూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నారు. రాత్రి రైలు వేళ దాకా పబ్లిక్ తోటలో కూర్చుని బొంబాయి తిరిగిపోయాడు. ఈ కథ మనందరికీ తెలుసు. కానీ అందులో మనం గమనించని ముక్క ఒకటుంది. ఆయన అప్పటికే సర్కారు బంగళా ఇప్పించమని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ కాగితం ఒక అధికారి నుంచి ఇంకో అధికారికి తిరుగుతూనే ఉంది. అది తేలకముందే కర్రలు వచ్చాయి. అంటే ఏమిటి? సర్కారు ఇల్లు సమయానికి దొరికి ఉంటే ఆయన్ను ఆ ఊరినుంచి ఎవరూ గెంటగలిగేవాళ్ళు కాదు. మన ఇవాళ్టి డిమాండు ఆ తేలని దరఖాస్తే.

అయితే ఇది ఉద్యోగస్తుల సంగతి ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఉద్యోగస్తుడికి బస్సుంది, పట్నముంది. ఏ బస్సూ లేనివాళ్ళను చూడండి. చేపల చెరువు గట్టు మీద కాపలా గుడిసెలో ఉండే కుటుంబం ఎవరిది? కోళ్ళఫారం పక్క రేకుల గదిలో ఉండేదెవరు? ఇటుక బట్టీ దగ్గర వంగి దూరే గుడిసెలో ఆర్నెల్లు పిల్లల్తో గడిపేదెవరు? వాళ్ళకు ఆ గూడు ఎవరిచ్చారు? పని ఇచ్చిన ఆసామి ఇచ్చాడు. పని మానితే గూడు పోద్ది. కూలి పెంచమంటే గూడు పోద్ది. ఆడపిల్లను ఏమైనా అన్నాడని నోరెత్తితే ఆ రాత్రికే సామాను బయట పడుద్ది. ఇల్లూ పనీ ఒకే మనిషి గుప్పిట్లో ఉంటే అది వెట్టి కాక మరేమిటి?

ఇంకా చెబుతాం. మొగుడు వదిలేసిన ఆడమనిషి అత్తగారి ఊళ్ళో ఉండలేదు, పుట్టింటి రెండు గదుల్లో అన్నావదినెల మధ్య ఇమడలేదు. ఆమె పేరున పట్టా లేదు. కులం దాటి పెళ్ళి చేసుకున్న పిల్లలకు ఇటు వాడలోనూ జాగా లేదు, అటు ఊళ్ళోనూ జాగా లేదు. వీళ్ళకు కావలసింది రేపో మాపో వచ్చే పట్టా కాదు, ఈ రాత్రికి తలుపు గడియ పెట్టుకునే గది.

మరి సర్కార్లు ఏం చేశాయి? చేయలేదని అనం, చేసిందేమిటో చూద్దాం. 1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. 2016లో దాని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చింది. మైదాన ప్రాంతంలో ఇంటికి 1 లక్షా 20 వేలు కేంద్ర, రాష్ట్రాల సాయమని రాశారు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరు 25న ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలుపెట్టి సుమారు 30 లక్షల మందికి ఇస్తున్నామన్నారు. పల్లెల్లో మనిషికి సెంటున్నర, అంటే 72 గజాలు. మనవాళ్ళు చాలామంది తీసుకున్నారు. ఊరికి దూరంగా పల్లపు నేలల్లో ఇచ్చిన చోట వానాకాలం మోకాటి లోతు నీళ్ళలో ఆ 72 గజాలు వెదుక్కున్నారు. ఇవన్నీ సొంతిల్లు కట్టుకునే వాళ్ళకు. అద్దెకుండే వాళ్ళకు పల్లెల్లో ఒక్క పథకం లేదు.

పట్నాలకు మాత్రం ఉంది. 2020లో కరోనా వచ్చి వలస కూలీలు వందల మైళ్ళు కాలినడకన ఇళ్ళకు పోతుంటే దేశమంతా చూసింది. ఆ యేడే కేంద్రం పట్టణాల్లో చౌక అద్దె ఇళ్ళ పథకం ప్రకటించింది. 2024లో వచ్చిన పట్టణ ఆవాస్ యోజన రెండో విడతలో అద్దె ఇళ్ళు నాలుగు భాగాల్లో ఒక భాగం. బాగుంది. మేమడిగేది ఒకటే: ఆ కూలీ నడిచి చేరుకున్నది పల్లెకే గదా? పల్లెలో అతనికి ఏం కట్టారు?

అధికారులు ఒక లెక్క చూపిస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పల్లెల్లో అద్దెకుండే కుటుంబాలు నూటికి మూడున్నర కూడా లేవు, పట్టణాల్లో 27కి పైగా ఉన్నాయి. కాబట్టి పల్లెలో అద్దె ఇల్లు అక్కర్లేదంటారు. ఈ లెక్క తప్పని అనం, అర్థమే తప్పంటున్నాం. అద్దెకు ఇల్లు దొరక్క పట్నం నుంచి తిరిగేవాడు ఏ లెక్కలో ఉన్నాడు? పట్నం లెక్కలో. చెరువు గట్టు గుడిసెలో ఉన్నవాడు అద్దె కట్టడు గనక అద్దె లెక్కలో లేడు. అన్నావదినెల ఇంట్లో మూల పడుకున్న ఆడమనిషి సొంతింటి లెక్కలోకి పోయింది. అన్నం పెట్టని చోట ఎవరూ తినడం లేదు గనక ఆకలి లేదన్నట్టుంది ఈ వాదన!

"చట్టముంది గదా, ఇల్లివ్వకపోతే కేసు పెట్టండి" అంటారు కొందరు పెద్దమనుషులు. ఉంది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, ఏ ప్రాంతంలోనైనా సరే, అంటరానితనం పేరుతో ఇంట్లో కాపురముండనివ్వకుండా అడ్డుకోవడం నేరమని నాలుగో సెక్షన్‌లో రాసింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించి సాంఘిక బహిష్కరణను కూడా నేరాల్లో చేర్చారు. ఈ చట్టాలను మనం వదులుకోం. కానీ పెద్దావిడ అల్లుణ్ణి ఏ పోలీసు పట్టుకొస్తాడు? కులం పేరు నోటితో అనకుండానే తలుపు మూయడం ఈ దేశంలో అందరికీ వచ్చిన విద్య. "మాంసం వండుకోని వాళ్ళకే ఇస్తాం" అన్నా, "పిల్లలు లేనివాళ్ళకే ఇస్తాం" అన్నా దాని అర్థం మనకు తెలుసు, కోర్టుకు తెలియదు. సొంతదారు మనసును చట్టం సోదా చేయలేదు. అదే ఇంటికి సొంతదారు సర్కారైతే? సర్కారు చేతిని 14, 15 అధికరణాలు కట్టేశాయి. "మీరేమిటోళ్ళు" అని అడిగి తలుపు వేసే హక్కు దానికి లేదు. జాబితా కాగితం మీద ఉంటుంది, కాగితాన్ని కోర్టు చదవగలదు. మనం సర్కారు కట్టిన అద్దె ఇల్లే కావాలనడానికి అసలు కారణం ఇదే.

ఇది జరిగే పనేనా అంటారా? వందేళ్ళ కిందట జరిగింది. ఐర్లండు అనే చిన్న దేశం, అప్పుడు మనలాగే ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉంది. అక్కడ సెంటు భూమి లేని వ్యవసాయ కూలీలు రైతు ఇచ్చిన మట్టి గుడిసెల్లో ఉండేవాళ్ళు. పని పోతే గుడిసె పోయేది. 1883లో అక్కడ కూలీల ఇళ్ళ చట్టం తెచ్చారు. స్థానిక బోర్డు సర్కారు అప్పుతో ఇల్లు కట్టి, దాని చుట్టూ అరెకరం కూరగాయల దొడ్డి ఇచ్చి, కూలీకి తక్కువ అద్దెకివ్వాలి. మరి వెంటనే కట్టారా? లేదు. ఆ బోర్డుల్లో కూర్చున్నది భూస్వాములూ పెద్ద రైతులే. "మా పొలం పక్కన కూలోడి ఇల్లా?" అని చాలాచోట్ల సాగదీశారు. కూలీలు సంఘం పెట్టారు. ల్యాండ్ అండ్ లేబర్ అసోసియేషన్ అని దాని పేరు, డి.డి. షీహన్ దాని నాయకుల్లో ఒకడు. 1898లో స్థానిక ఎన్నికల్లో కూలీకి ఓటొచ్చింది. 1906లో ఇంకో చట్టం చేసి డబ్బు బాగా పెంచారు. 1921 నాటికి 40 వేలకు పైగా ఇళ్ళు లేచాయి. 1936లో వచ్చిన చట్టంతో, అద్దెకున్నవాళ్ళు ఆ ఇళ్ళను కొనుక్కునే వీలు కూడా కలిగింది.

దీంట్లో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, చట్టం రాసినంత మాత్రాన ఇల్లు లేవదు, బోర్డులో ఎవరు కూర్చున్నారన్నది చూడాలి. రెండు, అద్దె ఇల్లు సొంతింటికి శత్రువు కాదు.

ఈ రెండో మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే మన కార్యకర్తల్లోనే కొందరు అన్నలు మమ్మల్ని తప్పుపట్టారు. "భూమి అడగాల్సిన వాళ్ళం అద్దె గది అడుగుతామా? రేపు సర్కారు పట్టాలు మానేసి, మీరే అద్దె ఇళ్ళు అడిగారుగా అనదా?" అన్నారు. వాళ్ళ భయం న్యాయమైనదే. గూడు కోసం మనవాళ్ళు చిందించిన రక్తం తక్కువ కాదు. 1968 డిసెంబరు 25న తమిళనాడు కీళవెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మంది దళితుల్ని ఒక గుడిసెలో పెట్టి కాల్చేశారు. ఆ తర్వాత 1971లోగాని అక్కడ భూస్వామి నేలమీద గుడిసెలున్న కూలీలకు ఆ జాగా మీద హక్కునిచ్చే చట్టం రాలేదు. మన రాష్ట్రంలో అటువంటి చట్టం 1976లో వచ్చింది. 1985 జులై 17న కారంచేడులో మనవాళ్ళను చంపినప్పుడు, మిగిలినవాళ్ళు చీరాల చేరి, మళ్ళీ ఆ ఊరి గడప తొక్కమని అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఈ చరిత్ర తెలిసినవాళ్ళం పట్టా వదులుకోమని ఎట్లా అంటాం?

మేమనేది ఇది: పట్టా పట్టాయే, అద్దె ఇల్లు అద్దె ఇల్లే. ఒకటి ఇచ్చి ఇంకోటి ఎగ్గొట్టడానికి వీల్లేదని డిమాండు పత్రంలో మొదటి వాక్యంగా రాయించాలి. సర్కారు అద్దె ఇంట్లో ఉన్నవాడి పేరు పట్టాల జాబితాలోంచి తీసెయ్యకూడదని రెండో వాక్యంగా రాయించాలి. ఇంకో మాట. పట్టా అమ్ముకునేవాళ్ళున్నారు, జబ్బొచ్చినప్పుడు తాకట్టు పెట్టి పోగొట్టుకునేవాళ్ళున్నారు. సర్కారు అద్దె ఇంటిని ఏ షావుకారూ తాకట్టు పట్టలేడు. ఒక కుటుంబం సొంతిల్లు కట్టుకుని పోతే ఇంకో కుటుంబం వస్తుంది. ఒకసారి కట్టిన ఇల్లు ఎన్నో కుటుంబాలను దాటిస్తుంది.

డబ్బు లెక్క కూడా చెబుతాం, ఉత్త మాటలు చెప్పి పోయారని అనొద్దు. లెక్క కోసం ఇట్లా అనుకుందాం. మండల కేంద్రంలో 12 ఇళ్ళు, ఒక్కోటి 400 చదరపు అడుగులు. కింద ఆరు, పైన ఆరు కడితే గోడలు ఆక్రమించే నేల ఐదున్నర సెంట్లు. ఖాళీ జాగా, బోరు, చెట్లు అన్నీ కలుపుకున్నా 20 సెంట్లు చాలు. ఇంటికి 6 లక్షలైతే మొత్తం 72 లక్షలు. నెలకు సగటున 1,500 అద్దె వస్తే యేడాదికి 2 లక్షల 16 వేలు. అందులో ఇంటికి నెలకు 500 చొప్పున మరమ్మత్తులకు తీస్తే 72 వేలు పోయి, 1 లక్షా 44 వేలు మిగులుద్ది. ముప్పై యేళ్ళకు 43 లక్షల 20 వేలు. పెట్టిన డబ్బు పూర్తిగా తిరిగి రాదు. రాదని ముందే చెబుతున్నాం. రోడ్డేస్తే తిరిగొస్తుందా? బడి కడితే తిరిగొస్తుందా? తిరిగి రాని ఆ మిగతా డబ్బు కోసమే ప్రజల సొమ్ము. లాభం చూసేవాడు పల్లెలో అద్దె ఇల్లు కట్టడు, కాబట్టే సర్కారు కట్టాలి.

అద్దె అందరికీ ఒకటే ఉండకూడదు. మావంటి జీతగాళ్ళకు ఇంటద్దె భత్యం జీతంతోపాటే వస్తుంది. మేము ఎక్కువ కడతాం, కట్టాలి. కూలి చేసుకునే కుటుంబం, ఒంటరి ఆడమనిషి తమ రాబడిని బట్టి తక్కువ కడతారు. అయితే పూర్తిగా ఉచితమనొద్దు. రసీదు తీసుకుని అద్దె కట్టినవాడు హక్కుదారు. ఉచితమంటే ఏ నాయకుడో "నేనిచ్చా" అంటాడు, రేపు "నేనే తీసేస్తున్నా" అంటాడు.

ఎక్కడ కట్టాలి? ఇది ఖర్చు కన్నా పెద్ద ప్రశ్న. మన పల్లె చివర కడితే అది ఇంకో వాడ అవుద్ది. బడి, ఆస్పత్రి, బస్టాండు దగ్గర, ఊరి నడుమ ఉన్న సర్కారు జాగాలో కట్టాలి. ఎవరికివ్వాలి? మనకొక్కళ్ళకే ఇస్తే దాన్ని కూడా హరిజన కాలనీ అని వేరు చేస్తారు. అందరికీ అని వదిలేస్తే బలమున్నోడు మింగేస్తాడు. అందుకని సగం ఇళ్ళు దళిత, గిరిజనులకు, మిగతా సగం అన్ని కులాల పేదలకూ ఉద్యోగులకూ ఇవ్వాలి. ఎవరికి ఏ గది అన్నది చీటీలు వేసి తేల్చాలి. ఒకే మెట్లెక్కి, ఒకే బోరు నీళ్ళు పట్టుకుని పన్నెండు కుటుంబాల పిల్లలు పెరిగితే, ఆ పిల్లలు "మీరేమిటోళ్ళు" అని అడగడం కొంతైనా మర్చిపోతారు.

మన తప్పులు కూడా ఒప్పుకోవాలి. మన పేటలో పక్కా ఇళ్ళు కట్టుకున్న మనవాళ్ళు కొందరు గది అద్దెకిచ్చేటప్పుడు మాదిగలైతే ఒకమాట, మాలలైతే ఒకమాట, రెల్లి వాళ్ళయితే ఇంకోమాట అంటున్నారు. ఒంటరి ఆడమనిషి అడిగితే "మొగుడేడీ" అంటున్నారు. ఊరు మనల్ని అడిగిన ప్రశ్ననే మనం ఇంకొకళ్ళను అడిగితే, ఈ వేదిక ఎక్కి మాట్లాడే అర్హత మనకెక్కడిది?

చివరగా చేయాల్సిన పనులు. ప్రతి ఊరి కార్యకర్తలూ ఈ నెలలో ఒక నోటుపుస్తకం పట్టుకుని తిరగండి. గూడు కోసం ఆసామి కింద పడున్న కుటుంబాలెన్ని, పట్నం నుంచి తిరిగే ఉద్యోగులెందరు, ఒంటరి ఆడవాళ్ళెందరు, పేర్లు రాయండి. ఎవరికైనా అపాయమనిపిస్తే పేరు రాయొద్దు, అంకె రాయండి చాలు. మండల ఆఫీసుకు పోయి ఊరి నడుమ సర్కారు జాగా ఎంతుందో, ఎవరి ఆక్రమణలో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. వచ్చే గ్రామసభలో అద్దె ఇళ్ళ తీర్మానం పెట్టించండి, మినిట్స్ పుస్తకంలో రాయించి నకలు తీసుకోండి. ఇళ్ళ జాబితా పంచాయతీ గోడ మీద అతికించాలని, నోటీసు లేకుండా ఎవర్నీ ఖాళీ చేయించకూడదని, అద్దె డబ్బు వేరే ఖాతాలో ఉండాలని, ఆ ఖాతా చూసే కమిటీలో సగం మంది అద్దెకున్న ఆడవాళ్ళే ఉండాలని ఆ తీర్మానంలోనే రాయించండి. ఐర్లండు కూలీలు మనకు చెప్పింది మర్చిపోవద్దు: బోర్డులో ఎవరు కూర్చున్నారు?

మా పాఠశాలకు ఈ యేడు మనవాళ్ళ అమ్మాయి ఒకామె కొత్తగా టీచరుగా వచ్చింది. మొదటి వారం ఇల్లు వెదికింది. రెండో వారం నుంచి బస్సులో వస్తోంది. ఏమైందమ్మా అని మేము అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఆమెను ఏ పెద్దావిడ ఏమడిగిందో మాకు తెలుసు. ఇరవై యేళ్ళలో ఆ ప్రశ్న మారలేదు. ఆమె తర్వాత వచ్చే అమ్మాయికైనా ఈ ఊరి నడుమ ఒక తాళంచెవి చేతికందాలి. ఆ తాళంచెవి కోసం వచ్చే గ్రామసభకు అందరం కదిలిపోదాం.

జై భీమ్!